పగడాల తొట్టెకు బీచ్ ఇసుక వద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంట్లో సముద్రపు చేపలూ పగడాలూ పెంచుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. లైట్ల గురించీ పంపుల గురించీ రాసింది చాలావరకు సరిగానే ఉంది. నా పేచీ అంతా ఇసుక దగ్గర. విదేశాల నుంచి వచ్చే 'లైవ్ శాండ్' (బతికున్న బ్యాక్టీరియాతో తడిగా వస్తుందని చెప్పే ఇసుక) లేకపోతే పగడాలు నిలవవని వ్యాసంలో ఒకచోట ఉంది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి రెండు బకెట్లు తెచ్చుకుని, కడిగి వాడుకోవచ్చని పక్కనే బాక్సు కట్టి వేశారు. మొదటి మాట జేబుకు చిల్లు. రెండో మాట చదివి విశాఖపట్నంలో ఎంతమంది బకెట్ పట్టుకుని బీచ్ రోడ్డెక్కుతారో తలుచుకుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషిని. ఇంట్లో మూడడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాల తొట్టె ఉంది. మా అల్లుడు సరదాపడి పెట్టించాడు. తర్వాత పుణెలో ఉద్యోగం వచ్చి, చేపల్ని నాకు వదిలి, మా అమ్మాయిని తీసుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరిలో ఎవర్ని వదిలినా నాకు అభ్యంతరం లేదుగానీ, ట్యాంకు కరెంటు బిల్లు మాత్రం నేనే కడుతున్నాను. కాబట్టి దీంట్లో ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ పెట్టక్కరలేదో కాస్త లెక్క చూసుకునే అలవాటు పడింది.

బీచ్ సంగతి ముందు చెబుతాను. సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి అది సముద్రంలో తయారైన ఇసుక అనుకుంటాం. మన తీరంలో ఉన్నది కొండల ఇసుక. కైలాసగిరిలో కనిపించే ఖొండలైట్ లాంటి తూర్పు కనుమల రాళ్ళు వేలూ లక్షల ఏళ్ళుగా అరిగి, గెడ్డలూ నదులూ మోసుకొచ్చి ఒడ్డున పడేసిన సరుకు. ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే సిలికా. దాంతో పాటు ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, నల్లటి ఇల్మనైట్, మాగ్నటైట్ ఉంటాయి. భీమునిపట్నం వైపు, శ్రీకాకుళం జిల్లా తీరంలో ఈ బరువు ఖనిజాలు మరీ ఎక్కువ. అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్లగా చారలు మిగలడం చూసే ఉంటారు, అవి ఇవే. అందులో కొద్దిగా మోనజైట్ కూడా ఉంటుంది, దాంట్లో రేడియోధార్మిక థోరియం ఉంటుంది. రేడియేషన్ పేరు చెప్పి నేనెవర్నీ భయపెట్టను. రెండు బకెట్లలో ఉండే మోనజైట్ గురించి నాకు బెంగ లేదు. నా బెంగ ఇల్మనైట్, మాగ్నటైట్ల గురించి.

పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి, ఎండిన బీచ్ ఇసుకలో ఓసారి ఈడ్చి చూడండి. కవరు అడుగున నల్ల మీసాలు మొలుస్తాయి. రీఫ్ ట్యాంకులో నీళ్ళు తిప్పే వేవ్‌మేకర్‌లో అయస్కాంతం ఉంటుంది. నీళ్ళను తిరిగి తొట్టెలోకి పంపే రిటర్న్ పంపులో ఉంటుంది. అద్దం తుడవడానికి లోపలొకటి బయటొకటి పెట్టే క్లీనర్ అయితే మొత్తం అయస్కాంతమే. ఈ నల్ల రేణువులు వెళ్ళి పంపు రోటరుకు పట్టుకుని దాన్ని అరగదీస్తాయి. క్లీనరు కింద ఒక్కటి ఇరుక్కున్నా అద్దం పొడుగునా గీత పడుతుంది. ఎన్ని నీళ్ళు పెట్టి కడిగినా ఈ రేణువులు పోవు, బరువు కదా, బకెట్ అడుగునే కూర్చుంటాయి.

ఇక బీచ్‌లోకి వచ్చి కలిసే మురుగు, పడవల నూనె, నగరం ఒడ్డున పడే సవాలక్ష చెత్త. మనిషి కాళ్ళకు అంటితే కడుక్కుంటాం. ఆ చెత్తలో రాగి ఉంటే, ఏ కాస్త తగిలినా పగడం ముడుచుకుపోతుంది, రొయ్యలూ నత్తలూ ఇంకా ముందే పోతాయి.

ఇంకో విషయం మీ వ్యాసకర్తకు తెలియకపోవచ్చు. ఆర్కే బీచ్‌లో ఇసుక దానంతటది నిలబడడం లేదు. మన తీరం వెంబడి ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ నడక అక్కడ ఆగింది. గోడకు అవతల ఇసుక పేరుకుంటుంది, ఇవతల బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టు వాళ్ళు ఆ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి తెచ్చి గొట్టాలతో బీచ్‌కు పోస్తుంటారు. మా ఇంటికి చేపలు తెచ్చి అమ్మే జాలారిపేట ఆవిడ ఓసారి నవ్వుతూ, "ఇదేటమ్మా, మన ఇసుకేటి, గొట్టంలోంచొచ్చిందే గదా" అంది. అంత కష్టపడి పోసుకుంటున్న ఇసుకను అక్వేరియం కోసం ఎత్తుకురమ్మని పత్రికలో సలహా ఇస్తామా? తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు 2011లోవీ, 2019లోవీ కూడా అక్కడ ఇసుక తవ్వకాన్ని నిషేధించాయి. బకెట్‌తో తీస్తే తవ్వకం కాదులెండి అని వాదించేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నేను వాదించను. మీ పత్రిక చదివేవాళ్ళు తలా ఒక బకెట్ తెచ్చుకుంటే ఎంతవుతుందో వాళ్ళే లెక్కేసుకోవచ్చు. ఎర్రమట్టి దిబ్బల ఇసుక రంగు బాగుంటుందని దాని మీద కన్నేసిన కుర్రాళ్ళను కూడా చూశాను. అది భూవారసత్వ స్థలం. పైగా ఆ ఎరుపంతా ఇనుపతుప్పే.

దీనికి సరిగ్గా ఎదురుకొసన ఇంకో ప్రమాదం ఉంది. అసలైన పగడపు ఇసుక. పగడపు దీవుల్లో తెల్లటి ఒడ్డు ప్రాణులు చేసిన ఇసుక. పగడాల ముక్కలు, గవ్వల నలుసులు, సున్నం పట్టే నాచు రెమ్మలు, ఇవన్నీ అందులో ఉంటాయి. చిలకముక్కు చేపలు పగడపు రాతిని కొరికి, నాచు తిని, రాతి పొడిని వదిలేస్తాయి. ఒక పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుక అలా చేస్తుంది. మనదేశంలో అలాంటి ఒడ్డు లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉంది. మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో కూడా పగడపు దిబ్బలున్నాయి. గోదావరి, కృష్ణ ఇంత మంచినీరూ ఒండ్రూ తెచ్చి కలిపే మన తీరంలో చెప్పుకోదగ్గ దిబ్బలు లేవు. అండమాన్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, విశాఖ నుంచి ఓడ వెళ్తుంది. "మా బావమరిది అక్కడే ఉన్నాడండీ, ఓ సంచి తెప్పిస్తాను" అనేవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువేం కాదు. దయచేసి తెప్పించకండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్ అదే. చచ్చిన పగడం ముక్క అయినా తేడా లేదు. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) విమానాశ్రయంలో సామాన్ల తనిఖీలో పగడాలూ గవ్వలూ పట్టుకోవడం కొత్తేమీ కాదు. అంచేత ఊరూపేరూ లేని కవర్లో 'కోరల్ శాండ్' అని ఎవరైనా అమ్మితే, అది ఎక్కడిదని అడిగి బిల్లు ఇమ్మనండి. బిల్లు ఇవ్వనంటే వెనక్కి తిరగండి.

సరే, చట్టబద్ధంగా దిగుమతైన ఇసుక. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది బహామాస్ వైపు దొరికే అరగోనైట్. గుండ్రటి తెల్లటి రేణువులు, చాలా అందంగా ఉంటుంది. అరగోనైట్ కూడా కాల్షియం కార్బొనేటే, సుద్దా పాలరాయీ సున్నపురాయీ ఏదో అదే. స్ఫటికం అమరిక వేరు. దాన్ని అమ్మేటప్పుడు చెప్పే మాట ఒకటుంది. "మేడమ్, ఇది నీళ్ళలో నెమ్మదిగా కరుగుతూ పగడాలకు కాల్షియం ఇస్తుంది, పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచుతుంది" అని. దుకాణంలో కుర్రాణ్ణి తప్పుపట్టను, డబ్బా మీద ఏది రాస్తే అతను అదే చెబుతాడు. కానీ నేను కెమిస్ట్రీ చెప్పి బతికినదాన్ని, ఈ మాట వింటూ ఊరుకోలేను.

ఉష్ణమండల సముద్రపు నీరు, పీహెచ్ 8.2 దగ్గర, అరగోనైట్‌తో నిండిపోయి ఉంటుంది. నిండడమంటే మామూలు నిండడం కాదు, కరిగి ఉండగలిగిన దానికి మూడు రెట్ల పైగా. చక్కెర ఇక కరగనంత చిక్కటి పాకంలో ఇంకో పలుకు చక్కెర వేస్తే ఏమవుతుంది? అడుగున కూర్చుంటుంది. ఇసుకా అంతే. ట్యాంకు నీళ్ళలో పీహెచ్ 7.7 లోపుకు జారితే తప్ప అది కరగడం మొదలెట్టదు. ఆ జారుడు ఇసుక పొర లోపల, బ్యాక్టీరియా ఊపిరి పీల్చే చోట కొంచెం జరుగుతుంది, నిజమే. కానీ దాంతో పగడాల ఆకలి తీరదు. లెక్క చూడండి. మా ట్యాంకులో రాళ్ళూ ఇసుకా పోను నీళ్ళు సుమారు 150 లీటర్లు. రాతి పగడాలు బాగా పెరుగుతున్న ట్యాంకులో ఆల్కలినిటీ (నీళ్ళలో కరిగి ఉన్న కార్బొనేట్ల మోతాదు, దాన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు) రోజుకు 1 డీకేహెచ్ దాకా పడిపోవడం మామూలే. 150 లీటర్లలో 1 డీకేహెచ్ అంటే దాదాపు 2.7 గ్రాముల కాల్షియం కార్బొనేట్. ఏడాదికి కిలో. నిజంగా ఇసుకే ఆ కిలో ఇస్తుంటే మనం ఏటా కిలో ఇసుక తెచ్చి పోయాలి. అలా పోసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ లోటును అందరూ వేరే మందులతో పూడుస్తున్నారు. ఆల్కలినిటీ కోసం వంట సోడా, కాల్షియం కోసం కాల్షియం క్లోరైడ్. పైన చెప్పిన లోటుకు వంట సోడా నాలుగున్నర గ్రాములు చాలు, అంటే ఒక చెంచా నిండదు. ఇసుకలో మిగిలిన డబ్బు మంచి అక్వేరియం ఉప్పు మీదా టెస్ట్ కిట్ల మీదా పెట్టమంటాను.

'లైవ్' అన్న మాట గురించి కూడా ఒక ముక్క. సంచిలో తడి ఇసుక, అందులో బతికున్న బ్యాక్టీరియా అట. ఓడలో కంటెయినరు, తర్వాత చెన్నైలోనో ముంబయిలోనో గోడౌన్, తర్వాత మే నెలలో విజయవాడ మీదుగా లారీ. అంత దూరం వచ్చాక అందులో ఎంత ప్రాణం మిగిలిందో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. పొడి ఇసుక వేసి, బ్యాక్టీరియాకు ఆహారంగా అమ్మోనియా అందేలా చూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పడితే అదే బ్యాక్టీరియా దానంతటదే వచ్చి చేరుతుంది. తొందరగా కావాలంటే ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకున్న స్నేహితుల దగ్గర ఓ దోసెడు అడిగి తెచ్చుకోండి. ఆ దోసెడులో ఉన్నంత జీవం ఏ సంచిలోనూ ఉండదు.

అయితే ఏం వాడాలి? అసలు ఇసుకే లేకపోవడం అన్నిటికన్నా చవక. అడుగున ఖాళీ అద్దం వదిలేసి, రాళ్ళు పేర్చి, పగడాలు అంటించుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. చెత్త పేరుకోదు, నీళ్ళు ఎంత వేగంగా తిప్పినా ఇబ్బంది లేదు. క్లౌన్ చేపకు ఇసుకతో పనే లేదు. నాకు మాత్రం ఖాళీ అద్దం ఆపరేషన్ థియేటర్ గచ్చులా తోస్తుంది. ఇది నా చాదస్తం, శాస్త్రం కాదు.

ఇసుక కావాలనుకునేవాళ్ళకు మన రాష్ట్రంలోనే చవకగా రెండు దారులున్నాయి. ఒకటి కడిగిన సిలికా ఇసుక. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లకూ నీటిశుద్ధి ప్లాంట్లకూ సైజు చేసి అమ్ముతారు. గూడూరు, చిల్లకూరు వైపు గాజు ఫ్యాక్టరీలకు వెళ్ళే స్థాయి తెల్లటి సిలికా ఇసుక దొరుకుతుంది. సిలికా వేస్తే గోధుమరంగు నాచు పట్టి ట్యాంకు నాశనమవుతుందని భయపెడతారు. క్వార్ట్జ్ సముద్రపు నీళ్ళలో మనం గమనించేంతగా కరగదు. ఆ గోధుమరంగు పూత కొత్త ట్యాంకులన్నిటికీ మొదటి వారాల్లో వచ్చి పోతుంది. పోవడం లేదంటే, ఉప్పు కలపడానికి బోరు నీళ్ళు వాడుతున్నారేమో చూసుకోండి, సిలికేట్ వచ్చేది అక్కణ్ణుంచే. ఆర్వో నీళ్ళు వాడాలి, ఆ విషయంలో పిసినారితనం కుదరదు. సిలికాకు ఉన్న అసలు లోపం ఎవరూ చెప్పనిది ఒకటుంది. క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. అద్దం తుడిచే అయస్కాంతం కింద ఒక్క రేణువు పడితే గీతే. అరగోనైట్, కాల్సైట్ మెత్తనివి, గాజును గీయలేవు. పొడిగా ఉన్నప్పుడు సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, సంచి విప్పగానే తడపండి.

నేను వాడుతున్నది రెండోది. కోళ్ళ మేతలో కలిపే సున్నపురాయి గ్రిట్. గుడ్డు పెంకుకు కాల్షియం కావాలని కోళ్ళఫారాల వాళ్ళు దీన్ని టన్నుల్లో కొంటారు. గోదావరి జిల్లాల్లో కోళ్ళ మేత అమ్మే ఏ దుకాణంలోనైనా ఉంటుంది. గవ్వల నుంచి చేసే షెల్ గ్రిట్ కూడా అక్కడే దొరుకుతుంది. దిగుమతి ఇసుక సంచి 9 కిలోలకు పెట్టే డబ్బుతో దీన్ని ఇంటికి మోసుకెళ్ళలేనంత కొనొచ్చు. రసాయనంగా చూస్తే ఇదీ కాల్షియం కార్బొనేటే, అదీ కాల్షియం కార్బొనేటే.

కానీ అక్కడ ఒక ఉచ్చు ఉంది. అదే దుకాణంలో, అదే అరలో, అంతే తెల్లగా డీసీపీ సంచి కూడా ఉంటుంది. డైకాల్షియం ఫాస్ఫేట్. పొరపాటున అది పోసుకుంటే నాచుకు ఫాస్ఫేట్ విందు పెట్టినట్టే, అది తప్ప ఇంకేమీ మిగలదు. సంచి మీద పేరు మీ కళ్ళతో చదవండి, విడిగా తూచి ఇస్తే తీసుకోకండి. సున్నం అని మాత్రం అడగొద్దు. కాల్చిన సున్నం ఇస్తారు. అది నీళ్ళలో పడితే పీహెచ్ 12 దాకా వెళ్తుంది, ట్యాంకులో పురుగు కూడా మిగలదు. కాల్చని రాయి కావాలి. రొయ్యల చెరువుల వాళ్ళకు అమ్మే డోలమైట్ పనికొస్తుందా అని ఒకాయన అడిగాడు. హాని లేదు, కానీ అది ఎక్కువగా పొడి రూపంలో వస్తుంది, పొడితో మనకేం పని.

తెచ్చిన దాన్ని పరీక్ష చేయడం ఇంట్లోనే అవుతుంది. చెంచాడు తీసి గాజు గిన్నెలో వేసి వెనిగర్ పోయండి. కార్బొనేట్ అయితే బుసబుసా పొంగుతుంది. బాత్రూమ్ యాసిడ్ పడితే కడప బండ ఎందుకు పాడవుతుందో అదే కారణం. డోలమైట్ అయితే బద్ధకంగా నాలుగు బుడగలు వదులుతుంది. ఆర్కే బీచ్ ఇసుక మీద పోయండి, గవ్వ ముక్కలు ఉన్న చోట తప్ప చడీచప్పుడూ ఉండదు. తర్వాత పాలిథీన్‌లో చుట్టిన అయస్కాంతంతో ఓసారి తిప్పండి. కడిగి, ఉప్పు నీళ్ళలో వారం నానబెట్టి ఆ నీళ్ళలో ఫాస్ఫేట్ చూడండి. 0.1 పీపీఎం (లీటరుకు 0.1 మిల్లీగ్రాము) దాటితే ఆ లాటు వద్దు. కిట్ కొనలేనివాళ్ళకు మన దగ్గర ఇంకో సదుపాయం ఉంది, మిగతా ఊళ్ళవాళ్ళకు లేనిది. భీమవరంలో నా పాత విద్యార్థి ఒకతను ఆక్వా ల్యాబ్ నడుపుతున్నాడు. అలాంటి ల్యాబ్‌లు రొయ్యలు పెంచే ఊళ్ళన్నిటిలో ఉన్నాయి. రైతు సీసాలో నీళ్ళు తెస్తే సెలైనిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం చూసి చీటీ రాసి ఇస్తారు. మన ట్యాంకు నీళ్ళూ చూస్తారు. వాళ్ళు ఆల్కలినిటీని పీపీఎంలో రాస్తారు, దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. 143 అని రాస్తే 8 అన్నమాట, సరిపోతుంది. కాల్షియం 400 నుంచి 420, మెగ్నీషియం 1300 పీపీఎం దరిదాపుల్లో ఉండాలి.

సైజు గురించి వ్యాసంలో ఒక్క మాట లేదు, నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. మరీ సన్నం అయితే వేవ్‌మేకర్ ధాటికి లేచి పగడాల మీద పడుతుంది, మూలల్లో గుట్టలవుతుంది. మరీ ముతక అయితే, నాలుగైదు మిల్లీమీటర్ల నలుసుల మధ్య మేత ముక్కలు ఇరుక్కుని కుళ్ళుతాయి, నైట్రేట్ పెరుగుతుంది. ఒకటి, రెండు మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. నేను రెండు జల్లెళ్ళు పెట్టుకున్నాను. ఒకదాంట్లో పైన నిలిచింది పారేస్తాను, రెండోదాంట్లోంచి కిందికి జారింది పారేస్తాను. పారేయడమంటే మొక్కల కుండీల్లోకి. గ్రిట్‌లో దుమ్ము విపరీతం. బకెట్లో వేసి పైపు పెట్టి కలుపుతూ పాలనీళ్ళు తేటపడేదాకా కడగాలి, ఆఖరి కడుగు ఆర్వో నీళ్ళతో.

ఎంత కావాలో కూడా ముందే లెక్కేసుకోండి, దుకాణంవాళ్ళ లెక్క ఎప్పుడూ రెట్టింపు ఉంటుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకు అంటే 90 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల మందం పోస్తే పది లీటర్ల ఇసుక, బరువు 15, 16 కిలోలు. అంతకు మించి వద్దు. నైట్రేట్ తగ్గుతుందని పది, పదిహేను సెంటీమీటర్ల మందం పోసే పద్ధతి ఒకటుంది, తెలిసి చేసేవాళ్ళకు పనిచేస్తుంది కూడా. కానీ మన దగ్గర కరెంటు పోతే ఆ మందపాటి పొర నీళ్ళలో ఆక్సిజన్‌ను అందరికన్నా ముందు తాగేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక కరెంటు ఎన్నాళ్ళు లేదో విశాఖ వాళ్ళకు వేరే చెప్పాలా.

గ్రిట్‌కు ఒక లోపం ఉంది, దాచను. అది పగలగొట్టిన రాయి, అంచులు వాడిగా ఉంటాయి. రాత్రి ఇసుకలో దూరి పడుకునే రాస్ చేపలకూ, ఇసుక నోట్లోకి తీసుకుని జల్లించుకునే గోబీలకూ అది మంచిది కాదు. అలాంటి చేప ఉంటే దిగుమతి అరగోనైట్ కొనక తప్పదు. కాకపోతే ట్యాంకంతా పోయక్కరలేదు. ఇరవై సెంటీమీటర్ల చదరంగా, ఆరు సెంటీమీటర్ల ఎత్తు గాజు తొట్టె ఒకటి చేయించి, రాళ్ళ వెనక పెట్టి, అందులో సన్నటి అరగోనైట్ నింపండి. నాలుగు కిలోల లోపే పడుతుంది. మా రాస్ చీకటి పడగానే సూటిగా అందులోకే వెళ్తుంది, మిగతా ట్యాంకులో ఏం పోశామో దానికి పట్టదు.

మీకు నా మనవి రెండు. ఆ బాక్సులోని బీచ్ ఇసుక సలహాను వచ్చే ఆదివారం అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వెనక్కి తీసుకోండి. రెండోది దుకాణదారులకు మీ ద్వారా. పెద్ద సంచి విప్పి, మామూలు పాలిథీన్ కవర్లలో పోసి, స్టేపుల్ కొట్టి అమ్ముతున్నారు. ప్యాకెట్‌లో అమ్మే సరుకు మీద పేరు, బరువు, ఎంఆర్పీ, దిగుమతి చేసినవారి చిరునామా, ఏ దేశం నుంచి వచ్చిందీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. ఇసుక కూడా సరుకే. వాటితో పాటు రేణువు సైజు ఎన్ని మిల్లీమీటర్లో, ఖనిజం ఏమిటో రెండు మాటలు రాయించమనండి. ఆ రెండూ ఉంటే కొనేవాడు ఎవరి సలహా మీదా, నా ఉత్తరం మీద కూడా, ఆధారపడక్కరలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం